సీతాఫలం ఆకూ, ఒక ఖాళీ బిళ్ళా

కొత్తగా ల్యాబులో చేరే పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. వచ్చినవాళ్లంతా దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు. "మేడమ్, మంచి మైక్రోబయాలజిస్టుకు ఏం ఉండాలి?" ఓపిక, శుభ్రత, చదువు అని చెబుతానని వాళ్ల ఆశ. "అనుమానం ఉండాలమ్మా" అంటాను. వాళ్లు నవ్వుతారు. నేను నవ్వను.

ముప్పై ఏళ్లకు పైగా సూక్ష్మజీవుల్ని పెంచడం, చంపడం, చచ్చాయో లేదో చూడటం నా పని. మొదట కూకట్‌పల్లి వైపు ఒక రేకుల షెడ్డులో. చివరి తొమ్మిదేళ్లు రాయదుర్గం మెట్రో స్టేషన్ కనబడే అద్దాల భవనంలో, ఆరో అంతస్తులో. పుట్టింది నంద్యాల దగ్గర. ఇప్పుడు నిజాంపేటలో, చుట్టూ హాస్టళ్లున్న ఒక అపార్ట్‌మెంటులో కూర్చుని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి వచ్చాయి, రానివాటికి కారణాలు నాకు తెలుసు.

రాయాల్సింది ఒక ఆకు గురించి, ఒక మనిషి కాలి గురించి. దానికి ముందు మా పని కాస్త చెప్పాలి.

పళ్లెం, బిళ్ళ

ఒక గాజు పళ్లెంలో జెల్లీ లాంటి ఆహారం పోసి గడ్డకట్టనిస్తాం. దాని మీద పుండ్లలో చీము పట్టించే బాక్టీరియాను పలచగా పూస్తాం. ఒక చిన్న కాగితపు బిళ్ళకు మందు పట్టించి, ఆరబెట్టి, దాని మీద పెడతాం. వెచ్చటి పెట్టెలో ఉంచితే తెల్లారేసరికి బాక్టీరియా మీగడలా పరుచుకుంటుంది. మందులో సత్తువ ఉంటే బిళ్ళ చుట్టూ మీగడ కట్టదు. గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. ఆ వలయాన్ని స్కేలుతో కొలుస్తాం. ఇంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

అదే పళ్లెంలో ఇంకో బిళ్ళ కూడా పెట్టాలి. అందులో మందు ఉండదు. మందును కరిగించడానికి వాడిన స్పిరిటు మాత్రం పట్టించి, ఆరబెట్టి పెడతాం. దీన్ని మేం ఖాళీ బిళ్ళ అంటాం. స్పిరిటు ఆరిపోయింది కాబట్టి దీని చుట్టూ ఏ వలయమూ రాకూడదు. వచ్చిందంటే బాక్టీరియాను చంపింది మందో స్పిరిటో తేల్చలేం. చూడటానికి పనికిమాలిన కాగితం ముక్కే కానీ, ఆ పళ్లెంలో నిజం చెప్పేది అదొక్కటే.

జామాకు పళ్లపొడి

మా మొదటి బాసు పెద్దాయన, చాదస్తుడు, చేతికి ఎప్పుడూ సబ్బు వాసన. "అందమైన ఫలితం పెళ్లిచూపుల్లో పిల్లలాంటిదమ్మా. ఒకసారి ఇంటికెళ్లి పని రోజుల్లో చూడాలి" అనేవాడు.

ఒకసారి ఒకాయన జామాకుతో చేసిన పళ్లపొడి పరీక్షకు తెచ్చాడు. పళ్లెంలో వలయం ఎంత పెద్దగా వచ్చిందంటే, పక్క బిళ్ళల చోటు కూడా ఆక్రమించింది. నాకు సంబరం. బాసు పళ్లెం ఎత్తి వెలుగులో చూసి, "మీ పెరట్లో జామచెట్టు ఉందా?" అన్నాడు. మర్నాడు మా ఇంటి జామాకు తెచ్చి, నూరి, సారం తీసి పెట్టాను. సన్నటి వలయం వచ్చింది. జామాకులో గుణం ఉంది, కాదనను. పంటి చిగుళ్లు వాస్తే మా అమ్మా జామాకు నమలమనేది. కానీ ఆ గుణం అంత పెద్ద రంకె వేయదు.

పొడి తెచ్చినాయన్ను పిలిచి గట్టిగా అడిగితే నీళ్లు నమిలాడు. "జర బలం కోసం నాలుగు గోలీలు నూరి కలిపినం మేడమ్. ఆకు అయితే అసలుదే" అన్నాడు. మందుల షాపులో దొరికే యాంటీబయాటిక్ మాత్రలు!

ఆ రోజు నుంచి నాకు ఎదుటివాళ్ల చేతులు చూడటం అలవాటైపోయింది. సరుకు తెచ్చేవాణ్ని, అమ్మేవాణ్ని, కొనేవాణ్ని, అందరినీ అనుమానించాను. చాలాసార్లు నా అనుమానమే నిజమైంది. అదే నా కొంప ముంచింది.

గుట్టల మీది ఆకు

రాయదుర్గం కంపెనీ మూలికలతో క్రీములు, సబ్బులు చేసేది. డైరెక్టరు మోహనరావు గారిది గోదావరి జిల్లా, మాట తియ్యన. ఒకరోజు నన్ను పిలిచి, "మేడమ్ గారూ, ఈ ఆఫీసుల్లో కూర్చుని కూర్చుని సగం మందికి షుగరొచ్చిందండీ. షుగరోళ్ల పుండ్లకి ఒక జెల్ చేద్దామండి. సీతాఫలం ఆకుతో. మన గుట్టల మీద కావలసినంత" అన్నారు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. ఇప్పుడు కాలం తిరగబడింది. పెరట్లో ఏది మొలిచినా సీసాలో పోసి అమ్ముతున్నారు. నాకు ఆ ఆకు మీద మొదటినుంచీ నమ్మకం లేదు. సీతాఫలం గింజలు నూరి పేలకు రాస్తారని, అది కంట్లో పడితే కన్ను దెబ్బతింటుందని తెలుసు. పురుగును చంపేది మనిషికి మేలే చేస్తుందని ఎక్కడా రాసి లేదు. అయినా జీతం తీసుకునేవాళ్లం, పరీక్ష చేయకుండా కాదనలేం కదా.

ఆకు తెచ్చే పని బాలమణికి అప్పగించారు. బాలమణిది నార్సింగి. చిన్నప్పుడు మేకలు కాసిన గుట్టల్లో ఇప్పుడు టవర్లు లేచినా, వాటి వెనక మిగిలిన బండల సందుల్లో సీతాఫలం చెట్లు ఎక్కడెక్కడున్నాయో ఆమెకు తెలుసు. సీజన్లో పండ్లు గంపలో పెట్టి రోడ్డు పక్కన అమ్మేది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. వారానికోసారి సిమెంటు సంచుల్లో ఆకు నింపి ఆటోలో తెచ్చేది. సెక్యూరిటీ వాళ్లు లిఫ్టు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. నేనే కింద పార్కింగుకు వెళ్లి సంచులు విప్పించి, చేయి లోపలిదాకా పెట్టి చూసేదాన్ని.

"ఏం దేవులాడుతున్నవ్ మేడమ్? అడుగున రాళ్లు వెట్టిననుకుంటున్నవా?" అని నవ్వేది.

"పెట్టావేమో, ఎవరికి తెలుసు?" అనేదాన్ని నేనూ. సగం సరదా, సగం నిజం.

మొదటి పరీక్ష నేనే స్వయంగా చేశాను. వానలు పడుతున్న రోజులు. సోమవారానికి ఫలితం కావాలని మోహనరావు గారి తొందర. ఆకు సారం పలచగా ఉందని బిళ్ళ మీద నాలుగైదుసార్లు చుక్కలు వేసి, అరగంట ఆరబెట్టి పెట్టాను. ఖాళీ బిళ్ళ కూడా పెట్టాను, ఎగ్గొట్టలేదు. మర్నాడు ఆకు బిళ్ళ చుట్టూ రూపాయి నాణెమంత చక్కటి వలయం. ఖాళీ బిళ్ళ చుట్టూ ఏమీ లేదు. నాకే ఆశ్చర్యం వేసింది. ఇంకోసారి చేశాను, మళ్లీ అదే. సంతకం పెట్టాను.

ఆ రిపోర్టులో నేను రాసింది, ఫలానా బాక్టీరియా పెరుగుదలను పళ్లెంలో ఈ సారం అడ్డుకుంది అని మాత్రమే. పుండు అనే మాట లేదు, మనిషి అనే మాట లేదు. చాలాకాలం ఈ వాక్యం వెనక దాక్కున్నాను.

నస్రీన్ పళ్లెం

జెల్ బయటికి తేవడానికి ముందు ఇంకో విడత పరీక్ష కావాలన్నారు. అప్పటికి నస్రీన్ అని కొత్తమ్మాయి చేరింది. తోలిచౌకి నుంచి వచ్చేది. నిదానం ఎక్కువ, మాట తక్కువ. మొదటిరోజే నన్ను ఒకటి అడిగింది.

"మేడమ్, ఖాళీ బిళ్ళలు సీసాల ఉన్నయి కదా, అవి నెల కిందట చేసినవి. మనం ఆకు బిళ్ళలతోపాటే ఫ్రెష్‌గా చేసుకోవద్దా?"

మా ల్యాబులో అదొక పద్ధతి. ఖాళీ బిళ్ళలు నెలకొకసారి వందల్లో చేసి, బాగా ఆరబెట్టి, సీసాలో పోసి ఉంచుకునేవాళ్లం. ఎప్పుడు పెట్టినా వాటి చుట్టూ ఏమీ రాదని తెలుసు కనుక ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

"ఖాళీది ఎప్పుడు చేస్తే ఏముంది తల్లీ, ఖాళీయే కదా" అన్నాను. తెలివైన మాట చెప్పాననుకున్నాను కూడా.

నస్రీన్ ఆకు బిళ్ళల్ని మాత్రం ఒక రాత్రంతా ఆరబెట్టి పెట్టింది. రెండోనాడు పళ్లెం తీసి చూస్తే వలయం లేదు. వెతికి వెతికి చూస్తే దారప్పోగంత గీత. మళ్లీ చేయించాను. మళ్లీ అంతే.

నాకు వెంటనే జామాకు పళ్లపొడి గుర్తొచ్చింది. ఎవరో ఏదో కలిపారు, లేదా మార్చారు. ఎవరు? ఆకు తెచ్చేది ఒక్క బాలమణే. గుట్టలన్నీ తవ్వేస్తున్నారు, సీతాఫలం దొరక్క ఏ కాలనీ పెరట్లోదో రామాఫలం ఆకు కోసుకొచ్చి సంచి నింపేసి ఉంటుంది. చూడ్డానికి రెండూ దగ్గరగానే ఉంటాయి. కేసు తేలిపోయిందనుకున్నాను. మోహనరావు గారితో ఆమె దగ్గర ఆకు తీసుకోవడం ఆపమని కూడా చెప్పేశాను.

మేక సాక్ష్యం

శనివారం నార్సింగి వెళ్లాను. చెట్లు చూపించమని అడగటం పైకి, పట్టుకోవడం లోపల. బాలమణి ఇంటి ముందు ఆకు ఆరబోసి ఉంది. విషయం చెప్పగానే ఆమె మొహం ఎర్రబడింది.

"ఏంది మేడమ్, నా మీదనేనా అనుమానం? పుట్టినకాడికెళ్లి గీ గుట్టలల్లనే తిరుగుతున్న. సీతాఫలం ఆకేదో, రామాఫలం ఆకేదో నాకెరుక లేదా?"

"ముందు ఆకుకు వచ్చిన ఫలితం ఇప్పుడు రావట్లేదు. నేనేమనుకోవాలి?"

"మ్యాకకు వెడదాం పా. సీతాఫలం ఆకు మ్యాక ముట్టది. ముట్టిందంటే నాది తప్పు, నువ్వేం జెప్పినా ఇంట."

పక్కింట్లో మేకలున్నాయి. ఆరబోసిన దాంట్లోంచి ఒక గుప్పెడు, మా ల్యాబుకు వచ్చిన సంచిలోంచి నేను కవర్లో తెచ్చుకున్న గుప్పెడు, రెండూ ఒక మేక ముందు పెట్టింది. గోడ మీది పోస్టరు కూడా వదలని జాతి అది. ముందు ఒక దాన్ని మూతితో వాసన చూసింది, రెండోదాన్ని చూసింది, తల తిప్పుకుని పోయి పక్కన పడున్న అట్టపెట్టె నమలసాగింది.

"ఇప్పుడన్న ఒప్పుకుంటవా?" అంది బాలమణి.

ఒప్పుకోవాలనిపించలేదు. అప్పుడే ఆమె ఇంట్లోకి నడవబోతూ కుంటడం చూశాను. ఎడమ కాలికి పాత చీరముక్క చుట్టి ఉంది, అంచుల్లో ఆకుపచ్చ పసరు మరక. దగ్గరికెళ్తే వాసన తగిలింది. ముప్పై ఏళ్లు ఆ బాక్టీరియాతో కాపురం చేసినదాన్ని, ఆ వాసన నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఏమిటది?"

"గీ ఆకే. మంచిదైతేనే కదా నేను కట్టుకునేది? సూడు" అని గుమ్మంలో కూర్చుని కట్టు విప్పింది. తన నిజాయితీకి రుజువు చూపిస్తున్నానని ఆమె అనుకుంటోంది. చిటికెన వేలు నల్లబడి ఉంది. పక్క వేలు వాచి, పాదం సగందాకా ఎర్రగా మెరుస్తోంది. ఆమెకు షుగర్ ఉంది, నొప్పి సరిగా తెలియడం లేదు.

నాకు కోపమొచ్చింది. కోపం వస్తే నా నోట నంద్యాల మాటే వస్తుంది. "ఎవురు చెప్పినారు నీకు ఇది కట్టమని? కాలు పోతాది! లెయ్, లెయ్" అని అరిచి, ఆటో పిలిచి, ఎక్కించాను.

దవాఖానలో కుర్ర డాక్టరు చూసి, "ఆకులూ పసర్లూ కట్టుకుని, అంతా అయిపోయాక మా దగ్గరికి తెస్తారు" అని విసుక్కున్నాడు. నేనూ అందుకున్నాను. "ఈ నాటు వైద్యాలు మానరండీ, ఎంత చెప్పినా" అన్నాను. డాక్టరు పక్షాన, చదువుకున్నవాళ్ల పక్షాన నిలబడి అన్నాను. బాలమణి నా వైపు ఒకసారి చూసింది.

డాక్టరు వెళ్లాక, స్ట్రెచర్ మీద పడుకుని మెల్లగా చెప్పింది.

"అక్కా, ఒక మాట జెప్త, కోపం జెయ్యకు. మా ఇంట్ల ఎవ్వలు గీ ఆకు మనిషికి కట్టలే. ఎద్దుకు పుండై పురుగులు వడితే మా అవ్వ నూరి వెట్టేది. పురుగులు రాలంగనే కడిగేసేది. మనుషులకు గిట్ల కట్టొద్దని తిట్టేది. నేను బస్తీ దవాఖానకు వోయి కట్టు కట్టించుకుంటనే ఉంటి. పుండ్ల మందుకు ఆకు దెచ్చేది నేనేనని మీ ఆఫీసోళ్లు నా ఫోటో దీసి, మీ రిపోర్టు కాయితం అట్ట జేసి ఇచ్చిండ్రు గదా. మా బిడ్డతోని సదివిపిచ్చిన. నీ సంతకం ఉన్నదన్నది. గంత సదువుకున్న మనిషి, అడుగున రాళ్లున్నయా అని సంచి దేవులాడే మనిషి, ఉత్తగ రాయదనుకున్న. మూడు వారాలసంది దవాఖాన బంద్ జేసి గిదే కడుతున్న."

ఆ ఆకు ఎంత వరకు పనికొస్తుందో, ఎక్కడ ఆపాలో వాళ్ల అవ్వకు తెలుసు. ఆ హద్దును చెరిపేసింది నా సంతకం. ఇన్నాళ్లు ఆమె సంచుల్లో చేతులు పెట్టి వెతికాను కానీ, "మీ ఊళ్లో దీన్ని దేనికి వాడతారు?" అని ఒక్కసారీ అడగలేదు. అడిగితే పార్కింగులోనే చెప్పేది.

రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది.

ఇంటిదొంగ

సోమవారం ల్యాబుకు వెళ్లగానే నస్రీన్ను పిలిచాను. "నువ్వన్నట్టు ఖాళీ బిళ్ళలు కొత్తవి చేద్దాం. కొన్ని అరగంట ఆరబెట్టు, కొన్ని రాత్రంతా ఆరబెట్టు. చుక్కలు నేనేసినట్టే నాలుగైదుసార్లు వెయ్యి" అన్నాను. ఎందుకని ఆ పిల్ల అడగలేదు. అర్థమైపోయింది.

బుధవారం పళ్లెం తీశాం. రాత్రంతా ఆరిన ఖాళీ బిళ్ళ చుట్టూ ఏమీ లేదు. అరగంట ఆరిన ఖాళీ బిళ్ళ చుట్టూ రూపాయి నాణెమంత చక్కటి వలయం. అందులో ఆకు లేదు, ఏమీ లేదు. వానాకాలపు చెమ్మలో ఆరని స్పిరిటు ఉంది, అంతే. నేను పచ్చి బిళ్ళను నెల కిందట ఎండిన బిళ్ళ పక్కన పెట్టి, తేడా అంతా ఆకుదే అని సంతకం చేశాను.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ముప్పై ఏళ్లు ఊరందరి చేతులూ చూసినదాన్ని, దొంగ నా చేతిలోనే ఉంటే నేనేం పట్టగలను? నస్రీన్ తల దించుకుని పళ్లేలు కడగడానికి తీసుకుపోయింది.

రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాసి మోహనరావు గారి ముందు పెట్టాను. ఆయన చదివి కళ్లజోడు తీశారు.

"మేడమ్ గారూ, ఆవిడకి షుగరండీ. చెప్పుల్లేకుండా గుట్టలమ్మట తిరుగుద్ది. ఆ వేళ్లు ఎలాగూ పోయేయేమో. దానికీ మన రిపోర్టుకీ సంబంధమేంటండీ?"

"పోయేవేమో. నాకు తెలియదు. మీకూ తెలియదు. రిపోర్టు తప్పని మాత్రం తెలుసు. దాన్ని అట్ట కట్టి ఆమెకు ఇచ్చింది మనవాళ్లేనని కూడా తెలుసు."

"ఆకులో అసలేమీ లేదంటారా?"

"దారప్పోగంత ఉంది. గాజు పళ్లెంలో. గాజు పళ్లేనికి షుగర్ ఉండదండీ."

నాతో ఆయన మళ్లీ తియ్యగా మాట్లాడలేదు. జెల్ ఆగింది. రెండేళ్ల తర్వాత, నేను రిటైరయ్యాక, ఒక షాపులో ఆకు బొమ్మ ఉన్న ట్యూబు చూశాను. కంపెనీ పేరు వేరు, చర్మానికి మెరుపు అని రాసుంది. తిప్పి వెనక చిన్నక్షరాలన్నీ చదివాను. పరీక్ష ఎవరు చేశారో లేదు. ఎవరి బిళ్ళ తడిగా ఉందో అనుకుంటూ మళ్లీ అక్కడే పెట్టేశాను.

కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఖాళీ బిళ్ళను మందు బిళ్ళతోపాటే చేయండి, అదే సీసా, అదే చెయ్యి, అదే గడియారం. కొత్తమ్మాయి ఏదైనా అడిగితే తెలివైన జవాబు చెప్పబోయే ముందు ఒకసారి చేసి చూడండి. ఆకు తెచ్చినవాళ్లను, ఎందుకు వాడతారో, ఎప్పుడు ఆపేస్తారో అడగండి. అనుమానపడండి, బాగా పడండి, కానీ మీ చేతుల దగ్గర మొదలుపెట్టండి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. నాకూ కంఠతా వచ్చు.

పోయిన సీతాఫలాల సీజన్లో నార్సింగి వెళ్లాను. బాలమణి రోడ్డు పక్క గంప పెట్టుకుని కూర్చుంది. కాలికి దవాఖాన వాళ్లిచ్చిన మెత్తటి చెప్పు. నన్ను చూసి, "రా అక్కా, పండు తిను. దీనికి ఏ కాయితం అక్కరలేదు" అంది. తిన్నాను. తియ్యగా ఉంది.

పండు సగమయ్యాక అడిగాను. "బాలమణీ, ఆ అట్ట కట్టిన కాగితం ఇంకా ఉందా? నాకిచ్చెయ్. అది తప్పుడు కాగితం. చింపేస్తాను."

ఆమె గింజలు చేతిలోకి ఉమ్మి, కవర్లో వేసింది.

"ఇయ్య అక్కా. దేవుని పటం ఎన్క దాసిన. ఎవ్వలకు సూపియ్య, ఫికర్ చెయ్యకు" అంది. "దాని మీద నీ సంతకం ఉన్నది. దానికి నా కాలి వేళ్లు రెండు ఇచ్చిన. ఇప్పుడు అది నాది."

గంపలోంచి ఇంకో పండు తీసి, పగలదీసి, సగం నాకిచ్చింది.